విదేశయాత్ర: పగ్గములు దళారి చేతనా?

సముద్రము దాటినవాడు పతితుడను మాట మన దేశమున ఏనాడో సమసిపోయినది. సంతోషమే. కాని దానితోబాటు సముద్రము దాటువానికుండవలసిన జాగరూకతయు సమసిపోయినదేమో యని శంకింపవలసివచ్చుచున్నది. రొంపిచెర్ల మొదలు మాచెర్ల వరకు పల్నాటి పల్లెలలో పొలము తాకట్టు పెట్టి కుమారుని అమెరికాకు పంపు తండ్రులున్నారు. వారి సాహసమును మేము నిందింపము. ఆ సాహసమును సొమ్ము చేసికొను దళారిని, అతనికి పగ్గములప్పగించి కన్నులు మూసికొను మన అలసత్వమును నిందించుచున్నాము.

విదేశమునకు పోవుట యొకరి దయాభిక్ష కాదు. అది పౌరుని వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమని 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ యేడే పాస్‌పోర్టు చట్టము పుట్టినది. 1978లో మేనకా గాంధీ వ్యాజ్యమున న్యాయస్థానము ఆ హక్కును మఱింత దృఢపఱచినది. ఇట్లు మన చేతికందిన హక్కును మనమే తీసికొనిపోయి దళారి బల్లపై పెట్టుచున్నాము!

మన రైతు ఎద్దును కొనబోయినప్పుడు పండ్లు లెక్కించును, సుడులు చూచును, నడిపించి కాడి కట్టి చూచును. ఆ రైతే కుమారుని చేర్పింపబోవు విశ్వవిద్యాలయము నిజముగ నున్నదో లేదో విచారింపక లక్షలు ధారవోయుచున్నాడు. 1860లో ట్రూరో అను నౌక మద్రాసు నుండి ఒప్పంద కూలీలను దక్షిణాఫ్రికాలోని నటాలునకు గొనిపోయినది. అందు తెలుగువారును గలరు. అగ్రిమెంటు అను మాట కూలీల నోట గిర్మిట్టైనది. తాము చదువలేని కాగితముపై వారు వేలిముద్ర వేసిరి. 1917లో ఆ దుష్టపద్ధతికి స్వస్తి చెప్పుటకు దేశమెంతయో పోరాడవలసివచ్చెను. నాటి కూలీ చదువురాక వేలిముద్ర వేసెను. నేటి పట్టభద్రుడు చదువు వచ్చియు చదువక సంతకము చేయుచున్నాడు. ఇరువురిలో నెవరిని జూచి జాలిపడవలయును?

చిక్కులు పేరుతోనే మొదలగును. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. పదవ తరగతి పత్రమున నొక తీరు, ఆధారు కార్డున నొక తీరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి విడిచిపెట్టి అంతయు నొక్క గడిలో కుక్కినచో, అమెరికా వీసాపై పేరుండవలసిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అను మూడక్షరములు పడును. పేరు తెలియదని దాని యర్థము! అమెరికా వీసా దరఖాస్తులో, దీనిని పూరించుటకు ఎవరైన తోడ్పడిరా యను ప్రశ్న గలదు. అంతయు తానే పూరించిన దళారి అచట 'లేదు' అని వ్రాసెనా, యాత్రకు తొలిమెట్టే అసత్యము. పిదప బ్యాంకులో చూపుటకు అద్దె సొమ్ము. ఎరువు సొమ్ము బరువు చేటను సామెత తెలిసిన జాతికి ఇంకేమి చెప్పవలయును? సంతకము విద్యార్థిది కావున, అసత్యము బయటపడిననాడు అమెరికా చట్టము శాశ్వతముగ ద్వారము మూయగలిగినది విద్యార్థికే. దళారి అంగడి మాత్రము మఱునాడును తెఱచియే యుండును.

ఇది ఊహ కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయము మూతవడినప్పుడు వీధిని బడినవారిలో తెలుగు విద్యార్థులే అధికులు. 2019లో మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమని అమెరికా అధికారులే పన్నిన వలలో తొలుత పట్టువడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. తెలిసి చేరినవారెందరో, తెలియక మునిగినవారెందరో! తల్లిదండ్రుల యప్పు మాత్రము ఇరువురికిని సమానమే.

గల్ఫునకు పోవు శ్రామికుని గతి యింతకంటె హీనము. పదవ తరగతి నెగ్గనివారు ఉద్యోగమునకై 18 దేశములకు పోవలెనన్న వలస రక్షకాధికారి అనుమతి పొందవలయునని 1983 నాటి వలస చట్టము క్రింద నియమమున్నది. నమోదైన ఏజెంటు తీసికొను సేవారుసుమునకు 30,000 రూపాయల హద్దును గలదు. అయ్యును సందర్శక వీసాపై విమానమెక్కించు దొంగ ఏజెంటు ఆ హద్దును, ఆ రక్షణను రెంటిని తుడిచివేయుచున్నాడు.

'ఆంగ్లము రానివారము, మధ్యవర్తి లేక యెట్లు?' అని కొందఱందురు. వ్రాయసగానికి కూలి యిచ్చి వ్రాయించుకొనుడు, తప్పు లేదు. వ్రాయసగాని యజమానిని చేయకుడు. ప్రభుత్వమును కూడ నిలదీయవలసియున్నది. పాస్‌పోర్టు పుస్తకమున హిందీ, ఆంగ్లములే గాని తెలుగక్షరము కానరాదు. ప్రజలకర్థము కాని కాగితమే దళారికి పెట్టుబడి. ప్రతి దరఖాస్తునకును తెలుగు ప్రతి ప్రభుత్వమే యీయవలయునని మేము కోరుచున్నాము.

అంతవఱకు చేతులు ముడుచుకొని కూర్చుండనేల? 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన పిదప పఠనమందిరములు చదువురానివారికి పత్రికలు చదివి వినిపించినవి. నేడవి దరఖాస్తులు చదివి వినిపింపవలయును. నమోదైన ఏజెంట్ల జాబితా ప్రభుత్వపు 'ఈ-మైగ్రేట్' తావున నున్నది. దానిని గోడకు అంటింపవలయును. తిరిగివచ్చినవారిని పిలిచి నిజము చెప్పింపవలయును. రొంపిచెర్ల చదువరులు వారమునకొక సాయంకాలము దీనికి విడిచిన చాలును.

పుల్లరి కట్టమని నిలిచి 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమర్పించిన సీమ యిది. ప్రభుత్వమడిగిన పుల్లరినే ధిక్కరించిన పల్నాడు, దళారి అడిగిన పుల్లరిని మాఱుపలుకక చెల్లించుట తగునా? చదువక సంతకము చేయమని నేడే నిశ్చయింపుడు.