పసివారి లోదుస్తులు

మొన్నటి చైత్రమున మా చర్లపల్లిలో చిన్నవాడు బడినుండి వచ్చి మేజోళ్లు విప్పగా, పిక్కలచుట్టును రబ్బరుపట్టీ యొరసి ఎర్రని వాతలు తేలియుండెను. ఎండలు మండుచున్నను మేజోళ్లు తప్పనిసరియట!

మన పెద్దల కాలమున పసివారికి మొలత్రాడే వస్త్రము. ఆడుశిశువునకు దానికే వెండి సిగ్గుబిళ్ల. మగవానికి కొంత యెదిగిన పిమ్మట గోచి. బిడ్డ పెరుగుకొలదియు త్రాడు వదులుచేయవలెను. మా యమ్మమ్మ తన వ్రేళ్లు రెండు దూర్చి చూచెడిది.

చలి మెండుగాగల అమెరికాలో కథ వేరు. 1900 ప్రాంతమున అచటి బాలురు మోకాలి లాగులును, బాలికలు పొట్టి గౌనులును తొడిగి, తొడలవరకు నల్లని నూలు మేజోళ్లు ధరించుచుండిరి. అవి జారకుండ కాలిచుట్టు పట్టీ బిగించినచో రక్తప్రసారమున కడ్డమని ఆరోగ్యవేత్తలు వారించుచుండిరి. కావున పలువురు తల్లులు చేతులులేని గుండీల రవికె నొకదానిని లోపల తొడిగి, దానినుండి వ్రేలాడు సాగెడు పట్టీలకు మేజోళ్లను తగిలించెడివారు. బరువంతయు భుజములపై బడెను, పిక్కకు నొప్పిలేదు.

చొక్కాయు లాగును ఒక్కటిగా కుట్టిన యూనియన్ సూట్‌నకు 1868లోనే అచట పేటెంటు లభించెను. బిగుతు దుస్తులతో విసిగిన స్త్రీలకై పుట్టినది, పిదప పిల్లలకును వచ్చెను. వెనుకవైపున గుండీలతో నొక తలుపు కూడ నుండెడిది. తల్లుల కది యెంత యుపకారమో!

నేడు మనకు తిరుప్పూరి నూలు బనియన్లు సులభముగా దొరకుచున్నవి. వానికి వంక పెట్టలేము. చిక్కంతయు పట్టీతోనే. వేసవిలో మేజోళ్లు మాన్పింపుడని బడివారికి లేఖ వ్రాసితిమి. ప్రత్యుత్తరము రాలేదు. అందాక పట్టీలోని రబ్బరుదారమును కత్తెరతో నాలుగుచోట్ల తెంపి పంపుచున్నాము.