ఆరిపోవు సాక్ష్యము – తెలుగక్షరము

చించివేసిన ఉత్తరమునకు ముక్కలైన మిగులును. నేటి బెదరింపులు, దూషణలు కాగితముపై గాక వాట్సాపు, ఫేస్‌బుక్కులలో వచ్చుచున్నవి; వానిని తుడిచివేయుట క్షణములో పని. అయినను తెరచిన పుటల తునకలు, సందేశముల భాగములు, ఖాతాల పేర్లు కంప్యూటరు తాత్కాలిక స్మృతియగు ర్యామ్‌లో దొరకుట కలదు. కాని విద్యుత్తు తొలగెనా, ఆ స్మృతి చెదరిపోవును. అది కొన్ని క్షణములు మొదలు కొన్ని నిమిషముల వరకు నిలుచుననియు, చల్లబరచినచో మరింతసేపు నిలుచుననియు 2008లో ప్రిన్‌స్టన్ పరిశోధకులు చూపిరి. యంత్రమును ఆర్పకముందే, త్వరగా నశించు సాక్ష్యమును ముందు సేకరింపవలెనని 2002 నాటి ఆర్.ఎఫ్.సి. 3227 అను మార్గదర్శక పత్రము బోధించినది.

ఇందు మనకేమి ప్రసక్తి యని కొందరడుగవచ్చును. ప్రసక్తి కలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు 1 బైటు, తెలుగు సంకేతమునకు 3 బైట్లు. యూటీఎఫ్-16లో 2 బైట్లు. ఆంగ్లాక్షరములనే వెదకు పనిముట్టు తెలుగు వాక్యమును దాటిపోవును. పైగా మన యువకులు పలువురు ఆంగ్లలిపిలో తెలుగు వ్రాయుదురు. ఒక్క మాటకే నాలుగు రూపములు. హోసూరు కుటుంబమునకో, బరంపురపు కుటుంబమునకో వచ్చిన బెదరింపును పరీక్షించు నిపుణునకు తెలుగు రానిచో, సాక్ష్యము యంత్రములో నుండియు లేనట్లే.

2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము ఎలక్ట్రానిక్ లేఖ్యమునకు ధ్రువపత్రమును, హాష్ విలువను, నిపుణుని సంతకమును కోరుచున్నది. మంచిదే. కాని నకలు మారలేదని హాష్ చెప్పును. వెదకుట సమగ్రమని చెప్పదు.

ర్యామ్‌లో రహస్యపదములు, ఇతరుల సొంత లేఖలు కూడ నుండును గనుక అన్నింటిని తోడిపోయరాదన్న ఆక్షేపణ న్యాయమైనదే. అందుచేతనే ఏ మాటలను, ఏ లిపిలో వెదకవలెనో ముందే నిర్ణయించుట మేలు. అట్టి నిర్ణయమున తెలుగు తెలిసినవాని తోడ్పాటు తప్పనిసరి.

కావున పరీక్షాశాలలు తమ నివేదికలో ఏ భాషలలో, ఏ లిపులలో వెదకితిమో వ్రాయవలెను. రాష్ట్రములో వాడుకలోనున్న భాషలో అధికారులకు మొరపెట్టుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణము ఇచ్చినది. ఆ మొరతోపాటు, మనవారు బెదరింపులోని తెలుగు మాటలను, వాని ఆంగ్లలిపి రూపములను జాబితాగా నొసగవలెను. నడుచుచున్న యంత్రమును తొందరపడి ఆర్పరాదు. అడుగనివానికి అమ్మయైన పెట్టదు. అడిగినప్పుడే మన భాష న్యాయస్థానము ముందు నోరు విప్పును.