ఎర్ర లైటు చెప్పేది నిజమేనా?

2022 సెప్టెంబరు 7. నల్గొండ జిల్లా నిడమనూరు మండలంలో సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. నీళ్లు పొలాల మీదికి ఎగబడ్డాయి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన కాల్వలివి. సాగర్ డ్యాము కట్టేనాడు వేలమంది కూలీలు రాళ్లూ తట్టలూ మోశారు. ఇప్పుడు కాల్వకు ఏ చిన్న గండి పడినా ముందు కావాల్సింది ప్రొక్లెయినర్, జేసీబీ, టిప్పర్లు. (ప్రొక్లెయినర్ అన్న మాట పొక్లెయిన్ అనే ఫ్రాన్సు కంపెనీ పేరు నుంచి వచ్చింది. వనస్పతి అంతా డాల్డా అయినట్టు, మన ఊళ్లలో ఏ కంపెనీ తవ్వే బండైనా ప్రొక్లెయినరే!)

అలాంటి పనిలో ఉండగా బండి డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ లైటు ఎర్రగా వెలిగిందనుకోండి. ఆపరేటర్ ఓనరుకు ఫోన్ చేస్తాడు.

‘‘అన్నా, ఎర్ర లైటు వచ్చింది. బండి బంజెయ్యాల్నా?’’

‘‘ఏం కాదు తమ్మీ, సెన్సర్ పోయుంటది. టిప్పర్లు లైన్ల ఉన్నయి, ఇంకో గంట నడుపు.’’

మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా బండ్లు నడిపేవాళ్లకు ఈ మాటలు కొత్తేం కాదు. ఓనరు చెప్పింది చాలాసార్లు నిజమే అవుతుంది కూడా. చిక్కల్లా నిజం కాని ఆ ఒక్కసారితోనే!

ఇంజిన్‌కు ఆయిల్ ప్రెషర్ అంటే మనకు బీపీ లాంటిది. క్రాంక్‌షాఫ్ట్ బేరింగుల్లో ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో వెంట్రుక కన్నా పల్చటి ఆయిల్ పొర ఉంటుంది. టర్బోచార్జర్ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతున్నా ఆ పొర మీదే తేలుతుంది. పంపు ఆయిల్‌ను నెట్టడం మానేస్తే క్షణాల్లో బేరింగులు కాలడం మొదలవుతుంది. ఇంజిన్ పట్టేస్తే బాగుచేయడానికి లక్షలు కావాలి. బండి షెడ్డులో పడుకున్నా ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు.

మరి బీపీ పడిపోయిందా, బీపీ మిషన్ చెడిందా? తేల్చుకునే దాకా ఇంజిన్ ఆపాల్సిందే. ఆ తర్వాత చేసేవన్నీ తేలిక పనులే. ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడాలి. ఆయిల్ పల్చబడి డీజిల్ వాసన కొడితే ఇంధనం కలుస్తోందన్నమాట. పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్లు చేరాయని. ఈ రెంటిలో ఏదున్నా నేరం సెన్సర్ మీదికి నెట్టకూడదు.

ఆయిల్ బాగానే ఉంటే అప్పుడు వైరింగు. పాత బండ్లలో ఉండేది ఒంటి వైరు స్విచ్చి. లోపల చిన్న పొర, స్ప్రింగు ఉంటాయి. ప్రెషర్ లేనప్పుడు వైరును బాడీకి కలిపి లైటు వెలిగిస్తుంది, ప్రెషర్ రాగానే వదిలేస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి, ఆ వైరు పీకితే లైటు ఆరాలి. బాడీకి తాకిస్తే వెలగాలి. పీకినా వెలుగుతూనే ఉంటే వైరు ఎక్కడో ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతోందని. అసలు తాళం తిప్పినప్పుడే లైటు రాకపోతే? బల్బు పోయి ఉండొచ్చు. లేదా విసుగొచ్చి ఎవరో వైరు తెంపేసి ఉండొచ్చు! సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే.

కొత్త బండ్లతో ఈ ఆట ఆడకూడదు. 2021 ఏప్రిల్‌లో చక్రాల నిర్మాణ యంత్రాలకు భారత్ స్టేజ్-4 పొగ నిబంధనలు వచ్చాక వాటిలో కంప్యూటర్లదే పెత్తనం. సెన్సర్‌కు సాధారణంగా మూడు వైర్లు ఉంటాయి. ఒకదాంట్లో 5 వోల్టులు వస్తాయి, ఒకటి ఎర్త్, మూడోది కబురు మోసేది. ఇంజిన్ ఆపి తాళం తిప్పినప్పుడు ఈ మూడోదాంట్లో చాలా రకాల సెన్సర్లకు అర వోల్టు దాకా కనిపిస్తుంది. 5 వోల్టులే రాకపోతే ఈ సెన్సర్ తప్పు కాకపోవచ్చు. అదే లైను మీదున్న ఇంకో సెన్సర్ షార్టయినా ఇలాగే ఉంటుంది. ఒక్కోదాని కనెక్టర్ పీకుతూ పోతే దొంగ దొరుకుతుంది.

కంప్యూటర్ చూపే కోడ్ కూడా చాలా చెబుతుంది. జె1939 పద్ధతి పాటించే ఇంజిన్లలో 100 అంటే ఆయిల్ ప్రెషర్. పక్కన 3 గానీ 4 గానీ ఉంటే వోల్టేజీ తేడా, అంటే వైరో సెన్సరో చూడమని. 1 ఉంటే ప్రెషర్ ప్రమాదకరంగా తగ్గిందని. రెంటికీ తేడా తెలియక 100 కనబడగానే ఇంజిన్ విప్పించినవాడికీ, సెన్సర్ మార్చి ఊరుకున్నవాడికీ నష్టమే.

ఇక్కడి పనుల్లో కనెక్టర్లు చెడటానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. కాల్వ బురద, వాటర్ సర్వీసింగ్‌లో కొట్టే నీటి ధార, పొలం గట్టున రాత్రి నిలిపిన బండిలో దూరే ఎలుకలు... కనెక్టర్ విప్పితే ఆకుపచ్చ చిలుము గానీ లోపలికి ఊరిన ఆయిల్ గానీ కనిపిస్తుంది. కొత్త సెన్సర్ బిగించి కనెక్టర్ తుడవకపోతే వారంలో మళ్లీ అదే లైటు.

ఇవన్నీ చూశాక చివరి తీర్పు మాత్రం వైర్లు లేని ముల్లు గేజిదే. సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో గేజి బిగించి, ఇంజిన్‌ను కొద్దిసేపు నడిపి చూడాలి. ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయాలి. వేడెక్కిన ఇంజిన్‌లో ఐడ్లింగ్‌లో సుమారు ఒక కేజీ (మెకానిక్కులు బార్‌ను కేజీ అనే అంటారు), రేస్ ఇస్తే 3 నుంచి 5 కేజీలు చాలా ఇంజిన్లకు మామూలు. కచ్చితమైన అంకె ఆ మోడల్ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. గేజి సరిగ్గా చూపి లైటు వెలిగితే సెన్సర్ దోషం. గేజి కూడా పడిపోతే పంపు, రిలీఫ్ వాల్వ్, జాలీ, బేరింగులు వరసగా చూడాల్సిందే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు లైటు లేక, మధ్యాహ్నం ఐడ్లింగ్‌లో మిణుకుమనే బండి సంగతే అందరినీ మోసం చేస్తుంది. మే నెల ఎండలకు ఆయిల్ మరీ పల్చబడితే అరిగిన బేరింగుల గుట్టు అప్పుడే బయటపడుతుంది. అందుకే మంచి మెకానిక్ ఫోన్‌లో మొదట అడిగేది ‘‘లైటు ఎప్పుడొచ్చింది తమ్మీ, సల్లగున్నప్పుడా, వేడైనంకనా?’’ అని. రెండో ప్రశ్న, ఇంజిన్‌లోంచి టకటక శబ్దం వస్తోందా అని. వస్తుంటే గేజి తెచ్చే దాకా తాళం ముట్టుకోవద్దంటాడు.

సెన్సరే పోయిందని తేలితే మార్చడం పది నిమిషాల పని. ఒంటి వైరు స్విచ్చికి మాత్రం మరల మీద తెల్ల టేపు దట్టంగా చుట్టకూడదు. దాని ఎర్త్ ఆ మరల గుండానే ఇంజిన్‌కు చేరాలి. టేపు అడ్డుపడితే కొత్త స్విచ్చి బిగించినా ప్రెషర్ పడిపోయిన రోజు లైటు వెలగదు.