వెలిగొండకు అడ్డం ఎవరు?

వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు తవ్వేశారు, డ్యాములు ఎప్పుడో కట్టేశారు, ఇక ముంపు ఊళ్లవాళ్లు కదిలితే చాలు, నీళ్లు వచ్చేసినట్టే. మార్కాపురం టీకొట్ల దగ్గరా, గిద్దలూరులో పార్టీ సభల్లోనూ ఇదే మాట. దాని వెనకే ఇంకోటి వస్తుంది: పదిహేను లక్షల మంది గొంతు తడవాలంటే పదకొండు ఊళ్లు పోక తప్పదు, వాళ్లేమో ప్యాకేజీ కోసం బేరాలాడుతున్నారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి, బోర్లు ఎండి, హైదరాబాద్‌కో బెంగళూరుకో మూట సర్దుకున్న పడమటి ప్రకాశం మనిషికి ఇది న్యాయంగానే తోస్తుంది. కానీ తేదీలు చూస్తే ఈ వాదన నిలబడదు.

గొట్టిపడియ దగ్గర శంకుస్థాపన 1996 మార్చి 5న జరిగింది. పనులు ఊపందుకున్నది 2004 తర్వాతే. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు నుంచి దోర్నాల వైపు 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు. పైన పులుల అభయారణ్యం, కాబట్టి పేలుళ్లు కుదరవని యంత్రాలతో తొలవడం మొదలుపెట్టారు. ఆ యంత్రాలు మొరాయించాయి, గుత్తేదారులు మారారు, ప్రభుత్వాలు మారాయి, బడ్జెట్లలో కేటాయింపులు కుంగి లేచాయి. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో ముగిశాయి. అదే ఏడాది మార్చి 6న రెంటినీ జాతికి అంకితం చేశారు. అప్పటికి రెండో సొరంగంలో లైనింగ్ పని మిగిలే ఉంది. ఈ ఇరవై ఎనిమిదేళ్లలో ముంపు ఊరు సుంకేసుల రైతు ఆపిన పని ఏదో ఎవరైనా చూపిస్తే బాగుండు.

ఆపింది లేకపోగా ఆగిపోయింది వాళ్ల బతుకే. సొరంగాల నీళ్లు నిలిపే నల్లమల సాగర్ జలాశయం కోసం సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలను డ్యాములతో మూశారు. లోపల గుండంచర్ల, కలనూతల, చింతలముడిపి, అక్కచెరువు తండా, కాటంరాజు తండా లాంటి ఊళ్లు, ఏడు వేలకు పైగా కుటుంబాలు. ఊరికి ముంపు ముద్ర పడ్డాక ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. పొలం కొనేవాడు ఉండడు. మునిగిపోయే ఊళ్లో కొత్త ఇల్లు కట్టే తెలివితక్కువవాడు ఉండడు, అప్పిచ్చేవాడు అసలే ఉండడు. రోడ్డు అడిగితే ఎలాగూ పోయే ఊరు కదా అంటారు. ఆ ఊరికి సంబంధం ఇవ్వడానికి పిల్ల తండ్రి వెనకాడతాడు. భూమికి డబ్బులిచ్చి చాలా ఏళ్లయింది. ఇల్లు ఖాళీ చేసేనాటికి ఆ డబ్బుతో మార్కాపురం పరిసరాల్లో సెంటు భూమి కొనడం కష్టం. ఇదంతా ఏ పద్దులోనూ నష్టంగా రాయరు.

బేరం అంటున్నది కూడా ఏమిటో చూడాలి. 2005 నాటి రాష్ట్ర పునరావాస విధానం కింద జాబితాలు తయారయ్యేటప్పుడు పలకా బలపం పట్టిన పిల్లలు ఇప్పుడు పిల్లల తండ్రులు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లను వేరే కుటుంబంగా లెక్కించాలని 2013 భూసేకరణ చట్టం చెబుతుంది. ఆ వయసు లెక్కించే కటాఫ్ తేదీని ముందుకు జరపమని అడగడం దురాశ ఎలా అవుతుంది? పని పూర్తిచేయడానికి ప్రభుత్వం తీసుకున్న ఏళ్లలోనే వాళ్లు పెరిగి పెద్దయ్యారు. అంచనా వ్యయం సవరించి గుత్తేదారుకు ధర పెంచితే పరిపాలన; నిర్వాసితుడు తన ఇంటి ధర సవరించమంటే బేరం!

త్యాగం చేయమని హితవు చెప్పేవాళ్లు ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా గుర్తుచేసుకోవాలి. శ్రీశైలం జలాశయం కింద అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు దాదాపు వంద మునిగి ఉన్నాయి. 1981 ఎండాకాలంలో బలవంతంగా ఖాళీ చేయించారు. పునరావాసం తర్వాత చూద్దామన్నారు. కుటుంబానికో ఉద్యోగమంటూ 1986లో జీవో 98 వచ్చింది. దాన్ని చేతపట్టుకుని దశాబ్దాల తరబడి కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. ఆ ముంపు మీద నిలిచిన నీటిలో 43.5 టీఎంసీలు తెచ్చి ఇంకో ముంపులో పోస్తూ, ఈసారి నమ్మండి అంటే కలనూతల ఎందుకు నమ్మాలి?

నీళ్లు వద్దని నేననడం లేదు. 4.47 లక్షల ఎకరాల ఆయకట్టు, మూడు ఉమ్మడి జిల్లాల్లో ముప్పై మండలాల తాగునీరు, ఇవి పడమటి ప్రకాశానికీ పక్క ప్రాంతాలకూ ఎప్పుడో దక్కాల్సినవి. ఈ ప్రాజెక్టుకు ఎవరి పేరు పెట్టారో ఆ కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య అడిగింది కూడా పేదవాడి పొలానికి నీళ్లే. కాకపోతే పునరావాసాన్ని కాలువ గేట్ల తర్వాత చెల్లించే చిల్లర బాకీగా చూడటమే ఇక్కడి తప్పు. సొరంగం ఎంత పనో, ఇళ్ల స్థలాలు, బడి, తాగునీరు, చేతికి డబ్బు కూడా అంతే పని. అది ముందు జరిగి ఉంటే ఈపాటికి అడ్డమనే మాటే ఉండేది కాదు.

చట్టం ఇందులో తిరకాసు పెట్టలేదు. నీటిపారుదల ప్రాజెక్టుల్లో భూమి మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 చట్టం 38వ సెక్షన్ అంటోంది. శ్రీశైలానికి వరద సాధారణంగా జూలై, ఆగస్టుల్లో వస్తుంది. వెనక్కి లెక్కేసుకుంటే జనవరి, ఫిబ్రవరి. కాబట్టి ఏ ప్రభుత్వమైనా ఫలానా వానాకాలంలో వెలిగొండకు నీళ్లిస్తామని ప్రకటిస్తే, మార్కాపురంలో విలేకరులు అడగాల్సింది ఒక్కటే: ఆ ఏడాది జనవరి నాటికి ఏ ఊళ్లో ఎంతమంది పేరున ఎంత జమవుతుంది?