కోడీ, కుంపటీ, పొరుగిల్లూ

తన కోడీ, తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న అవ్వ సంగతి తెలుగువాళ్ళందరూ ఎరిగినదే. ఒకరి అహంకారాన్ని ఎత్తిపొడవడానికే మనం ఈ సామెతను వాడుతూ వస్తున్నాం. అయితే అందులో మనం అంతగా పట్టించుకోని విషయం మరొకటి ఉంది. అవ్వ కోడి కూస్తే ఆ ఊరు నిజంగానే లేచేది. పొద్దున్నే పిడకో, కొబ్బరిపీచో పట్టుకుని నిప్పు కోసం ఆమె వాకిట్లోకి నిజంగానే వచ్చేవారు. తాను లేకపోతే ఊరు గడవదనుకోవడంలో అవ్వ పొరబడిందే గాని, ఒకరి నిప్పుతో మరొకరి పొయ్యి రాజుకుంటుందనుకోవడంలో పొరబడలేదు. సామెత మొదటి సంగతిని మిగిల్చింది. రెండవదాన్ని మనం మరచిపోయాం.

నేను ఉంటున్న ఊళ్ళో కోడిపుంజుకు ప్రవేశం లేదు. ఇది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి రాజధాని, మాడిసన్. 2004కు ముందు ఇక్కడ పెరట్లో కోళ్ళను పెంచడం చట్టవిరుద్ధం. అయినా పెంచేవారు రహస్యంగా పెంచుతూనే ఉండేవారు. వాళ్ళంతా కూడి, నగరసభకు నచ్చజెప్పి, ఆ ఏడాది చట్టం మార్పించుకున్నారు. ఇంటికి నాలుగు పెట్టలు, పుంజు కూడదు, పెరట్లో కోయకూడదు, గూడు పొరుగింటికి పాతిక అడుగుల దూరంలో ఉండాలి అన్నవి అప్పటి షరతులు. ఈ ఊరి కోళ్ళమీద 2008లో ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడా వచ్చింది. మొత్తానికి ఇక్కడ తెల్లవారడానికి కోడి అక్కరలేదు. కుంపటి సంగతి చెప్పాలి.

"ఇంత మంచులో కోళ్ళకు కుంపటి పెట్టరుటరా?" అని మా అమ్మ తొలిసారి ఇక్కడికి వచ్చినప్పుడు అడిగింది. కృష్ణాజిల్లా పల్లెలో గంపకింద కోళ్ళను కమ్మి పెంచిన మనిషికి ఆ ప్రశ్న రావడం సహజమే. పెట్టవద్దనే నా జవాబు. కోడి ఒంటివేడి మనకన్నా ఎక్కువ, సుమారు 41 డిగ్రీల సెల్సియస్. ఈకలు విప్పార్చి, వాటి నడుమ గాలిని పట్టి ఉంచుకుని, అది తన దుప్పటి తానే కప్పుకుంటుంది. దానికి నిజమైన శత్రువు చలి కాదు, చెమ్మ. తలుపులన్నీ బిగించిన గూటిలో రెట్టనుండీ, ఊపిరినుండీ పుట్టిన తడి తలమీది ఎర్రని జుట్టుపై చేరి గడ్డకడుతుంది. అప్పుడు జుట్టు కొసలు నల్లబడి చచ్చుబడిపోతాయి. అందుకే గూటికి పైభాగాన గాలి బయటికి పోయే దారి ఉండాలి. కింద పొడి రంపపు పొట్టు మందంగా పరచాలి. పడుకునే కర్ర గుండ్రంగా, సన్నగా కాక వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటే, కూర్చున్నప్పుడు పొట్టకింది ఈకలు కాలివేళ్ళను కప్పుతాయి.

చలికోసమే పుట్టించిన జాతులు కూడా ఉన్నాయి. కెనడాలోని క్యుబెక్‌లో ఓకా మఠానికి చెందిన బ్రదర్ విల్‌ఫ్రిడ్ షాట్లాన్ అనే సన్యాసి 1908 ప్రాంతాన ఈ పనికి పూనుకుని, కొన్నేళ్ళ కృషితో షాంతెక్లేర్ అనే జాతిని తయారుచేశాడు. దానికి తలమీది జుట్టూ, గొంతుకింద వేలాడే తోలూ దాదాపు లేనట్టే ఉంటాయి. మంచు కొరకడానికి చోటే మిగల్చలేదన్నమాట. ఇన్ని ఏర్పాట్లుండగా గూటిలో 250 వాట్ల వేడిదీపం వేలాడదీసి, కింద ఎండుగడ్డీ పొట్టూ పరచడం చేతులారా నిప్పు పెట్టుకోవడమే. అలా కాలిపోయిన గూళ్ళ వార్తలు ప్రతి శీతాకాలమూ వస్తూనే ఉంటాయి.

ఇక నేను అసలు చెప్పదలచిన మాటకు వస్తాను. చలిదేశంలో కోడికి కుంపటి అక్కరలేదు గాని, కోడిని పెంచేవాడికి పొరుగిల్లు కావాలి. అది లేనివాడు ఇక్కడ కోళ్ళను పెంచకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కటువుగా తోచవచ్చు. కారణాలు చెబుతాను, ఆలోచించండి.

డిసెంబరులో మా ఊళ్ళో పగలు తొమ్మిది గంటలే. సాయంత్రం నాలుగున్నర కాకుండానే పొద్దు గుంకుతుంది. ఉద్యోగస్తుడు చీకట్లో బయలుదేరి చీకటి పడ్డాకనే ఇల్లు చేరుతాడు. ఈలోపల గూటిలో నీళ్ళు గడ్డకడతాయి. కోడి తిండి లేకుండా ఒకపూట ఓర్చుకుంటుంది గాని, నీళ్ళు లేకుండా ఓర్చుకోలేదు. నీళ్ళు లేకపోతే తిండి కూడా మానేస్తుంది. ఏ పెట్ట అయినా గుడ్డు పెట్టిందా, వెంటనే తీయకపోతే అది లోపల గడ్డకట్టి పెంకు చిట్లిపోతుంది. వేసవిలో రెండురోజులపాటు నీళ్ళూ మేతా నింపి ఊరు వెళ్ళిరావచ్చు. శీతాకాలంలో ఒక్కపూట కూడా వీలుకాదు. మనవాళ్ళు ఇండియా వెళ్ళేదేమో సరిగ్గా అప్పుడే. క్రిస్మసు సెలవులు కలిసివస్తాయని బయలుదేరి, సంక్రాంతి చూసుకుని వస్తారు. ఆ మూడువారాలూ గూటి తలుపు తీసేదెవరు?

యంత్రాలున్నాయి కదా అంటారు. నీళ్ళు గడ్డకట్టకుండా వేడిచేసే పళ్ళెం ఉంది, పొద్దు పొడవగానే తలుపెత్తే మోటారు ఉంది. రెండూ నా దగ్గర ఉన్నాయి, రెండూ మంచివే. కాని కరెంటు పోయిన రాత్రి పళ్ళెం పనిచేయదు. మంచు పేరుకుని తలుపు బిగుసుకుపోతే మోటారు దాన్ని ఎత్తలేదు. అన్నిటినీ మించి, నాలుగు పెట్టల్లో ఒకటి ఈరోజు మూలన ముడుచుకుని కూర్చుందని యంత్రానికి తెలియదు. అది తెలియడానికి కన్ను కావాలి. ఆ కన్ను నిన్న కూడా దాన్ని చూసి ఉండాలి.

2019 జనవరి చివర ధ్రువప్రాంతపు గాలి మా మీదికి దిగింది. ఉష్ణోగ్రత మైనస్ 30 సెల్సియస్ దాకా పడిపోయింది. 30వ తేదీన ఈ రాష్ట్రంలో తపాలా బట్వాడా కూడా ఆపివేశారు. మా వీధిలో కోళ్ళున్న ఇళ్ళు మూడు. ఎవరూ సమావేశం పెట్టలేదు, నియమాలు రాసుకోలేదు. ఎదురింటి విశ్రాంత ఉపాధ్యాయుడు పొద్దునా, నేను మధ్యాహ్నం, మూలయింటి నర్సు రాత్రి డ్యూటీకి వెళ్ళబోయే ముందు - మూడు గూళ్ళకూ ఒకరే తిరిగేలా వంతులు వేసుకున్నాం. గోరువెచ్చని నీళ్ళ బకెట్టు పట్టుకుని మూడిళ్ళు తిరగడానికి ఇరవై నిమిషాలు. ఒక్కొక్కరు రోజుకు మూడుసార్లు ఆ గాలిలోకి వెళ్ళవలసింది, ఒక్కసారితో సరిపోయింది. ఇందులో గొప్ప త్యాగమేమీ లేదు, లెక్క ఉంది.

అయితే ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. నాకు ముఖ్యంగా తోచేది అదే. పెట్ట సరిగా గుడ్లు పెట్టాలంటే రోజుకు పధ్నాలుగు నుండి పదహారు గంటల వెలుతురు కావాలి. శీతాకాలం ముందు అది ఈకలు రాల్చి, కొత్త ఈకలు పుట్టించుకోవడంలో శక్తినంతా ఖర్చుచేస్తుంది. గూటిలో అదనంగా దీపం పెట్టి పగటిని సాగదీయకపోతే, గుడ్లు నామమాత్రంగానే ఉంటాయి. అంటే సాయం అత్యవసరమైన కాలంలోనే, సాయానికి బదులివ్వడానికి మన దగ్గర ఏమీ ఉండదు. గుడ్లన్నీ వేసవివి, కష్టమంతా శీతాకాలానిది. కనుక ఇది రొక్కపు బేరంగా సాగదు. జనవరిలో మోసిన నీళ్ళకు జూన్‌లో గుడ్లు. గుడ్డు తినని గుజరాతీ పొరుగువారికైతే రెట్ట ఎరువు, ఆ ఎరువుతో పెరిగిన గోంగూరలో మళ్ళీ మాకు ఒక కట్ట. మన పల్లెల్లో కోడిపెట్టను పాలుకిచ్చినప్పుడు పిల్లలు ఎదిగేదాకా ఆగేవారే గాని, మర్నాడే వాటా అడిగేవారు కాదు. పొదుగుడుకొచ్చిన పెట్టను పొరుగింటి గుడ్లమీద కూర్చోబెట్టినా అంతే. ఆగగలగడమే ఈ వ్యవహారానికి పెట్టుబడి.

ఈ ఓపిక లేకుండా కోళ్ళను తెచ్చుకునేవారు ఎక్కువవుతున్నారని నా ఫిర్యాదు. 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటింది. పక్షుల జ్వరంతో కోట్లకొద్దీ గుడ్లకోళ్ళు పోవడం అందుకు ప్రధాన కారణం. గుడ్లు ప్రియమైనాయని పిల్లల్ని కొనడానికి జనం ఎగబడ్డారు. తరువాత ధర దిగివచ్చింది. ధర కోసమే కోడిని తెచ్చుకున్నవాడికి, గుడ్డు పెట్టని జనవరి కోడిమీద ఏం అక్కర ఉంటుంది? గూటికీ, మేతకూ, పొట్టుకూ అయ్యే ఖర్చు లెక్కవేస్తే పెరటిగుడ్డు అంగడిగుడ్డుకన్నా చవక ఎన్నడూ కాదు. చవక కోసం వచ్చినవాడు పొరుగువాణ్ణి పలకరించడు. పలకరించనివాడి కోళ్ళకు శీతాకాలంలో దిక్కుండదు.

పాతకాలపు ఏర్పాటు ఒకటి దీనికి నేరుగా విరుగుడుగా ఉండేది. పొదిగిన రోజు పిల్లలను తపాలాలో పంపడం ఈ దేశంలో 1918 నుండి ఉంది. గుడ్డులోంచి బయటపడే ముందు పిల్ల పచ్చసొనను కడుపులోకి పీల్చుకుంటుంది కనుక రెండుమూడు రోజులు మేత లేకుండా బతుకుతుంది. దారిలో ఒకదాని వేడి ఒకదానికి చాలాలి కనుక, చాలాకాలం హేచరీలు పాతిక పిల్లలకు తక్కువ పంపేవి కావు. ఇంటికి నాలుగే అనేది అప్పటి ఊరి చట్టం, పెట్టెకు పాతిక అనేది చలి చట్టం. కాబట్టి ఏడిళ్ళు కలిస్తేగాని ఒక పెట్టె వచ్చేది కాదు! ఇప్పుడు కొందరు తక్కువ పిల్లలను కూడా పంపుతున్నారు. సౌకర్యమే, కాదనను. కాని పిల్లలు రాకముందే పొరుగుతలుపు తట్టించే ఒక అవసరం దానితో పోయింది.

దీనికి ఎదురువాదన ఒకటి ఉంది, బలమైనదే. 2022 మార్చిలో పక్షుల జ్వరం మా పొరుగు జెఫర్సన్ కౌంటీలోని ఒక పెద్ద గుడ్లఫారానికి వచ్చింది. ఆ రోగం బాతుల రెట్టతోనూ, మన చెప్పుల అడుగునా ప్రయాణిస్తుంది. ఒక గూటినుండి మరో గూటికి తిరిగే పొరుగువాడే రోగాన్ని మోసుకువస్తే? ఈ ప్రశ్నకు భయపడి తలుపులు మూసుకున్నవారిని నేనెరుగుదును. మేము మాత్రం రాకపోకలు మానలేదు, తీరు మార్చుకున్నాం. ఇప్పుడు ప్రతి గూటి పక్కనా ఒక జత రబ్బరు బూట్లు ఉంటాయి. వచ్చినవారు తమవి విడిచి అవి తొడుక్కుంటారు, చేతులు కడుక్కుని వెళతారు. మేతడబ్బాకు మూత, గూటి కప్పుకు సన్నని వల. ఏ గూటిలోనైనా పెట్ట నలతగా కనబడితే ఆరోజే అందరికీ కబురు, రాకపోకలు బందు. గుమ్మం బయట చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం మనకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు గదా! పైగా రోగం సంగతి త్వరగా బయటపడేది కూడా పదిమంది కళ్ళు పడే గూటిలోనే.

అందుకని నాదొక ప్రతిపాదన. మినియాపొలిస్ నగరంలో చాలాకాలం, నూరడుగుల లోపు ఇళ్ళవారిలో 80 శాతం మంది ఒప్పుకుంటేనే కోళ్ళకు అనుమతి ఇచ్చేవారు. ఆ సంతకానికి అర్థం "మాకు అభ్యంతరం లేదు" అని మాత్రమే. నన్నడిగితే ఎనభై శాతం అక్కరలేదు, ఒక్క సంతకం చాలు. అనుమతిపత్రంలో ఒకే ఒక గడి ఉండాలి: "మీరు ఇంట లేనప్పుడు, మైనస్ ఇరవైలో, వీటికి నీళ్ళు మార్చేదెవరు?" ఆ గడిలో ఒక పొరుగువారి పేరు రాయించుకోలేనివాడికి గూడు కట్టడానికి ఇంకా వేళ కాలేదని అర్థం. కొత్తగా వచ్చినవాళ్ళ మాటేమిటి, పరాయిదేశంవాళ్ళను ఎవరు నమ్ముతారు అని మీరడగవచ్చు. నేనూ అలా వచ్చినవాణ్ణే. నాకు సొంత గూడు లేని రెండు శీతాకాలాలూ ఎదురింటివారి కోళ్ళకు నీళ్ళు మోశాను. ఆ తరువాతే నా పత్రంలో ఆయన పేరు అడగగలిగాను. ఇచ్చిన తరువాత పుచ్చుకోవడం సుళువు.

పుంజు కూయని ఈ ఊరికి రోజూ తెల్లవారుతూనే ఉంది, గూటిలో కుంపటి లేకుండానే కోళ్ళు చలికాలం గట్టెక్కుతున్నాయి. ఆ మేరకు అవ్వ ఓడిపోయినట్టే. కాని నీళ్ళబకెట్టుతో ఎవరో ఒకరు పొరుగు పెరటిలోకి నడవనిదే ఇక్కడ ఏ గూడూ మార్చినెల చూడదు. చలిదేశాల్లో ఉంటున్న మిత్రులు - ఎడ్మంటన్ కానివ్వండి, మిన్నెసోటా కానివ్వండి - మీ వీధిలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎలా నడుస్తోందో చెప్పండి. ఆ ఒక్క గడి ప్రతిపాదన మరీ కఠినమనిపిస్తే అదీ చెప్పండి, వాదించుకుందాం.