ఎవరికమ్మా పీఏ?

పోయినేడాది తెనాలిలో మా మావయ్యగారి అబ్బాయి పెళ్లి. భోజనాల దగ్గర అమ్మమ్మ పక్కనే మా పిన్ని కూతురు కూర్చుంది. పుట్టింది గుంటూరులోనే అయినా మూడేళ్లప్పుడే అమెరికా వెళ్లిపోయింది. ఇప్పుడు ఆరెగాన్ రాష్ట్రంలో ఉద్యోగం. పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టానికీ అమ్మమ్మ ఒకటే పరిచయం: "మా మనవరాలు. అమెరికాలో డాక్టరు." చెల్లి ప్రతిసారీ సరిదిద్దుతోంది. "డాక్టర్ని కాదండీ, పీఏని."

అప్పుడు అవతలివాళ్ల మొహం చూడాలి. మన ఊళ్లల్లో పీఏ అంటే ఎమ్మెల్యేగారి వెనకాల రెండు ఫోన్లు పట్టుకుని తిరిగే మనిషి. ఓ పెద్దాయన పెరుగన్నం కలుపుకుంటూ, పాపం నిజంగానే తెలుసుకుందామని అడిగాడు: "ఎవరికమ్మా పీఏ?"

నాకు పొలమారింది. చెల్లి కూడా నవ్వేసింది.

రెండు నెలల తర్వాత మాత్రం ఎవరం నవ్వలేదు. పిన్నివాళ్లు ఒక సంబంధం చూశారు. అబ్బాయిది విజయవాడ, డల్లాస్‌లో ఉద్యోగం. మధ్యవర్తికి అమ్మమ్మ మామూలుగానే 'డాక్టర్' అని చెప్పేసింది. రెండు ఫోన్లు నడిచాక ఆ అబ్బాయి లింక్డ్‌ఇన్ తెరిచి చూశాడు. "డాక్టర్ అన్నారు, అసిస్టెంటట కదా. మొదట్లోనే అబద్ధం చెబితే ఎలాగండీ?" అని వాళ్లమ్మ ఫోన్ పెట్టేసింది. అంతే, అయిపోయింది.

చెల్లికి కోపం వచ్చింది వాళ్ల మీద కాదు, అమ్మమ్మ మీద. "వాళ్లు వద్దన్నందుకు కాదన్నయ్యా. 'నేను డాక్టర్ని కాదు' అని పేషెంట్లకి రోజుకి పదిసార్లు చెప్తాను. అది చెప్పకపోతే ఇక నన్నెవరు నమ్ముతారు? అలాంటిది ఇంట్లోవాళ్లే నాతో అబద్ధం ఆడించినట్టయింది." నెలరోజులు అమ్మమ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంతకీ ఏంటీ ఉద్యోగం? ఫిజీషియన్ అసిస్టెంట్. అమెరికాలో డిగ్రీ అయ్యాక ఇంకో 27 నెలలు, అటూఇటుగా, మాస్టర్స్ చదవాలి. అందులో దాదాపు 2,000 గంటలు ఆసుపత్రుల్లోనే గడుస్తాయి. తర్వాత జాతీయ స్థాయి పరీక్ష, ఆపైన రాష్ట్రం లైసెన్సు. పేషెంట్‌ని చూస్తారు, టెస్టులు రాస్తారు, జబ్బేంటో తేలుస్తారు, మందులు రాస్తారు, ఆపరేషన్లో సర్జన్‌కి ఎదురుగా నిలబడి సాయం చేస్తారు. డాక్టర్లతో కలిసి పనిచేయాలి, ఎంతవరకు సొంతంగా చేయొచ్చు అనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇప్పుడు ఆ దేశంలో ఇలాంటివాళ్లు 1,70,000 మందికి పైనే ఉన్నారు. అక్కడ ఉన్న మన తెలుగువాళ్లలో చాలామంది దగ్గుకో, కడుపునొప్పికో అర్జెంట్ కేర్‌కి వెళ్లినప్పుడు చూసింది వీళ్లే. ఇంటికొచ్చి "డాక్టర్ చూశాడు" అనేసి ఉంటారు.

ఇది మొదలైంది 1965లో, నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీలో. డాక్టర్లు చాలడం లేదు. మరోపక్క నేవీలో గాయపడ్డవాళ్లకి వైద్యం చేసిన కుర్రాళ్లు ఇంటికొచ్చాక ఆ పనికి తగ్గ ఉద్యోగం దొరక్క తిరుగుతున్నారు. డాక్టర్ యూజీన్ స్టెడ్ అనే ప్రొఫెసర్ ఈ రెండు ముక్కలూ కలిపాడు. నలుగురితో క్లాసు మొదలైంది, 1967లో ముగ్గురు పట్టా పుచ్చుకున్నారు.

ఆ ముగ్గురూ ఇంకా చదువు పూర్తిచేయకముందే, 1966లోనే, 'లుక్' అనే పెద్ద పత్రిక వాళ్ల గురించి రాసింది. దానికి పెట్టిన శీర్షిక: నర్సు కంటే ఎక్కువ, డాక్టర్ కంటే తక్కువ. నర్సులకి అది ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించారా ఆ సబ్ ఎడిటర్‌గారు? ఒక మనిషిని పరిచయం చేస్తూ "వాళ్లన్నయ్యంత పొడుగు లేడు, తమ్ముడంత పొట్టీ కాదు" అంటే, ఆ మనిషి గురించి మనకేం తెలిసినట్టు? అరవయ్యేళ్లు గడిచినా మీడియాలో ఈ ఉద్యోగం చాలావరకు అక్కడే, ఆ రెండు స్కేళ్ల మధ్యలోనే నిలబడి ఉంది.

ఇక టీవీ. ఇంగ్లిష్ మెడికల్ సీరియళ్లు వరసపెట్టి చూసే అలవాటుంటే మీకూ తెలిసే ఉంటుంది. వాటిలో డాక్టరే రక్తం తీస్తాడు, డాక్టరే స్ట్రెచర్ తోస్తాడు, స్కానింగ్ మిషన్ దగ్గర కూర్చునేదీ డాక్టరే, ఖాళీ దొరికితే ప్రేమించేదీ ఆయనే. మిగతావాళ్లకి ఇక పనేముంటుంది? పీఏకి సరైన చోటు ఇచ్చిన వాటిలో నాకు గుర్తున్నది 'ఈఆర్'. అందులో జీనీ బూలే అనే పాత్ర పీఏ. గ్లోరియా రూబెన్ చేసింది. 1990లలో ఆ సీరియల్‌ని కోట్లమంది చూశారు. కానీ ఆ పాత్ర జనానికి గుర్తుండిపోయింది ఆమెకి హెచ్‌ఐవీ సోకడం వల్ల, అది సోకాక ఆసుపత్రిలో పనిచేయొచ్చా లేదా అన్న గొడవ వల్ల. గొప్పగా రాసిన కథే, కాదనను. కాకపోతే ఆమె ఏం చదివింది, ఏం ఉద్యోగం చేస్తోంది అన్నది వెనక్కి వెళ్లిపోయింది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకొకటి. 2009 నుంచి 2016 దాకా వచ్చిన 'రాయల్ పెయిన్స్'. అందులో దివ్యా కాట్డరే అని భారతీయ కుటుంబం అమ్మాయి, పీఏ. రేష్మా శెట్టి చేసింది. డబ్బున్నవాళ్ల ఇళ్లకి వెళ్లి వైద్యం చేసే డాక్టర్ దగ్గరికి ఈ అమ్మాయే సామానంతా వేసుకుని వచ్చి "నేను మీ దగ్గర చేస్తాను" అంటుంది. తెలివైనది, చురుకైనది, పని మీద ప్రాణం. అయితే తాను పీఏనన్న సంగతి అమ్మానాన్నల దగ్గర దాచిపెడుతుంది. వాళ్ల లెక్కలో కూతురు వ్యాపారంలోకి రావాలి. సంబంధం కూడా చూసి పెట్టారు. ఇది చెల్లికి చెప్తే, "నాది రివర్స్ అన్నయ్యా. నేను చెప్తానంటే ఇంట్లోవాళ్లు దాస్తున్నారు" అంది.

మన సినిమాల సంగతి ఎత్తకపోవడమే మంచిది. డాక్టర్ అయితే దేవుడు, లేదంటే శవాన్ని ఐసీయూలో పెట్టి బిల్లు వేసే రాక్షసుడు. డాక్టర్ కానివాడు కాంపౌండర్, అంటే కామెడీ. నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన 'శంకర్ దాదా ఎంబీబీఎస్' చూడండి, దొంగ డాక్టర్ మన హీరో. నేనూ చప్పట్లు కొట్టినవాణ్నే. దొంగతనంగా తెల్లకోటు వేసుకున్న శంకర్ దాదాని ప్రేమించాం గానీ, చదువుకుని, పరీక్ష రాసి, "నేను డాక్టర్ని కాదు" అని నిజం చెప్పే మనిషికి మన కథల్లో కుర్చీ వేయలేదు.

ఇంతవరకూ చదివి, ఇదేదో మా చెల్లి తరఫు వకాల్తా అనుకునేరు. బ్రిటన్ సంగతి కూడా చెప్పాలి, అది అంత తేలిక కాదు. అక్కడ వీళ్లని ఫిజీషియన్ అసోసియేట్ అన్నారు. అమెరికా పీఏల్లా కాదు, మందులు రాసే అధికారం లేదు. 2022లో ఒక యువతి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి చనిపోయింది. అంతకుముందు రెండుసార్లు క్లినిక్‌కి వెళ్లింది, రెండుసార్లూ చూసింది పీఏనే. తనని చూస్తున్నది డాక్టర్ కాదని ఆమెకి తెలియదని కుటుంబం చెప్పింది. ఆ తల్లిదండ్రుల ప్రశ్నకి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? నాకు లేదు.

కానీ అక్కడినుంచి పత్రికల్లో, సోషల్ మీడియాలో జరిగింది వేరు. పీఏ అంటే చాలు, నకిలీ డాక్టర్ అన్నట్టు రాతలు. డాక్టర్ల సంఘం ఒకవైపు, ఆసుపత్రులకి డబ్బు ఎలా సర్దాలో తెలియని ప్రభుత్వం ఒకవైపు. తిట్లు తిన్నది మాత్రం రేపు ఉదయం డ్యూటీకి వెళ్లాల్సిన పీఏలు. ఒక క్లినిక్‌లో ఎవరు ఎవర్ని చూడాలో నిర్ణయించేది పీఏ కాదుగా. ఆ ఏర్పాటు ఎవరు చేశారన్నది హెడ్‌లైన్‌లో పట్టదు. మొహం ఉన్న మనిషి అయితే పడుతుంది.

చివరికి ప్రభుత్వం ప్రొఫెసర్ జిలియన్ లెంగ్‌తో సమీక్ష చేయించింది. 2025 జులైలో రిపోర్టు వచ్చింది. జబ్బేంటో ఇంకా తేలని పేషెంట్లని, చిన్నాచితకా సమస్యలు తప్ప, వీళ్లు చూడకూడదు. డాక్టర్లకి వేరుగా కనిపించేలా బట్టలు, బ్యాడ్జీలు ఉండాలి. పేరు కూడా మార్చాలి, 'అసోసియేట్' అంటే జనం డాక్టర్ అనుకుంటున్నారు, కాబట్టి 'అసిస్టెంట్' అనాలి.

ఇప్పుడు అమెరికాకి రండి. అక్కడి పీఏల సంఘం 2021లో ఓటింగ్ పెట్టి, 'అసిస్టెంట్' అంటే జనం చిన్నచూపు చూస్తున్నారు, కాబట్టి 'అసోసియేట్' అందాం అని తీర్మానించింది. అక్కడి డాక్టర్ల సంఘం ఒప్పుకోలేదు, పేషెంట్లు గందరగోళపడతారని. అయినా 2024లో ఆరెగాన్ రాష్ట్రం చట్టం చేసి పేరు మార్చేసింది. అట్లాంటిక్‌కి అటువైపు ఒక బోర్డు తీస్తున్నారు, ఇటువైపు అదే బోర్డు తగిలిస్తున్నారు. రెండుచోట్లా చెప్పే కారణం ఒకటే: జనం మమ్మల్ని తప్పుగా అనుకుంటున్నారు.

నా మొదటి ఆఫర్ లెటర్‌లో 'అసోసియేట్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' అని ఉండేది. మా వీధిలో ఒక్కరు కూడా "పూర్తి ఇంజనీరా, సగమా?" అని అడగలేదు. నేను తప్పు కోడ్ రాస్తే ఎవరి బిర్యానీయో అరగంట ఆలస్యం అవుతుంది, అంతేగా.

మన దేశంలో ఈ కోర్సు కొత్తదేం కాదు. 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె సర్జన్ డాక్టర్ కె.ఎం. చెరియన్ మొదలుపెట్టారు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో ఈ వృత్తి పేరూ ఉంది. ఆ చట్టం తెలివిగా 'అసోసియేట్ లేదా అసిస్టెంట్' అని రెండూ రాసి ఊరుకుంది. పెద్ద ఆసుపత్రుల్లో వార్డు రౌండ్‌లో ఫైల్ పట్టుకుని అన్నీ అడిగి రాసుకునే కుర్రాడు ఎవరో మనం ఎప్పుడైనా కనుక్కున్నామా? జూనియర్ డాక్టర్ అనుకుంటాం, లేదా ఏమీ అనుకోం.

అమ్మమ్మ, చెల్లి మళ్లీ కలిసింది ఒక దగ్గు వల్ల. అమ్మమ్మకి పొడి దగ్గు, ఆరు వారాలైనా తగ్గట్లేదు. సిరప్‌లు, మిరియాల కషాయం అన్నీ అయ్యాయి. ఒక ఆదివారం వీడియో కాల్‌లో చెల్లి విని, అలక పక్కన పెట్టి, ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎప్పటినుంచి? రాత్రిపూటా? కాళ్లు వాస్తున్నాయా? ఈమధ్య కొత్త మందులేమైనా? నాచేత మాత్రల షీట్లన్నీ కెమెరా ముందు పెట్టించింది. బీపీ మాత్ర ఎనాలప్రిల్ దగ్గర ఆగింది. "ఇది కొంతమందికి పొడి దగ్గు తెప్పిస్తుంది అమ్మమ్మా. సొంతంగా మానేయకు. మీ డాక్టర్‌ని అడుగు, వేరే రకం ఇస్తారేమో. ఇక్కడినుంచి నేను మార్చకూడదు." డాక్టర్‌గారు మార్చారు. మూడు వారాలకి దగ్గు పోయింది. ఇరవై నిమిషాల కాల్. దీన్ని ఏ సీరియల్‌లో తీస్తారు చెప్పండి, కనీసం బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా పడదు.

మొన్న అమ్మమ్మ ఫోన్ చేసింది. ఇంకో సంబంధం వచ్చిందట, బయోడేటా నన్ను టైప్ చేయమంది. "ఈసారి ఉన్నదే రాద్దాం, డాక్టర్ అని వద్దు" అని తనే అంది. వృత్తి అన్నచోట 'ఫిజీషియన్ అసిస్టెంట్' అని కొట్టి చెల్లికి పంపాను. "మా స్టేట్‌లో ఇప్పుడు అసోసియేట్ అన్నయ్యా, బ్యాడ్జి కూడా మార్చారు" అని జవాబు. మార్చి అమ్మమ్మకి చదివి వినిపించాను.

"అసోసియేట్ అంటే ఏంట్రా తెలుగులో?" అంది.

సహచరి, భాగస్వామి, సహాయకురాలు... నాకు తోచినవన్నీ చెప్పాను. ఒక్కటీ ఆవిడకి నచ్చలేదు. "పోనీ, దగ్గు ఎందుకొస్తోందో కనిపెట్టిందని రాయొచ్చుగా?" అంది.

ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. మిగతా బయోడేటా రెడీ.