మెహర్‌తో పాటు వీసా హోదా కూడా అడుగుదాం

సంబంధం కుదుర్చుకునేటప్పుడు మన కుటుంబాలు అడగని ప్రశ్న ఉండదు. అబ్బాయి చదువు, ఉద్యోగం, ఖాన్‌దాన్, మెహర్, వలీమా అన్నీ చర్చకు వస్తాయి. అబ్బాయి లండన్‌లోనో, బర్మింగ్‌హామ్‌లోనో ఉన్నాడంటే మాత్రం ‘అక్కడ సెటిల్ అయ్యాడు’ అన్న ఒక్క మాటతో విచారణ ముగిసిపోతుంది. ఆ మాట మనకు భరోసాగా వినిపిస్తుంది. బ్రిటన్ వలస చట్టంలో మాత్రం దానికి ఒక నిర్దిష్టమైన అర్థముంది. ఆ అర్థం తెలియకుండా బిడ్డను విమానం ఎక్కించడం ఆమె హక్కులను చీకట్లోకి పంపడమేనని మేము భావిస్తున్నాం.

బ్రిటన్‌లో ‘సెటిల్’ అయ్యాడంటే అక్కడ కాలపరిమితి లేకుండా నివసించే హక్కు పొందాడని అర్థం. దానినే ‘ఇండెఫినిట్ లీవ్ టు రిమైన్’ అంటారు. మన హైదరాబాద్, కర్నూలు, గుంటూరుల నుంచి వెళ్ళిన యువకులు అందరూ ఆ హోదాలో లేరు. ఒకరు విద్యార్థి వీసాపై ఉంటారు, ఒకరు చదువు ముగిశాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాపై ఉంటారు, మరొకరు యజమాని స్పాన్సర్ చేసిన స్కిల్డ్ వర్కర్ వీసాపై ఉంటారు. ఏళ్ళ తరబడి ఉన్నంత మాత్రాన స్థిర నివాసం రాదు. స్కిల్డ్ వర్కర్లకు ఇప్పటివరకు అమల్లో ఉన్న ఐదేళ్ళ గడువులో విద్యార్థిగా గడిపిన కాలం లెక్కలోకి రాదు. ఈ గడువును పదేళ్ళకు పెంచాలని అక్కడి ప్రభుత్వం 2025 మే నెలలో ప్రతిపాదించింది. పదేళ్ళ క్రితం వెళ్ళిన బావగారి అనుభవం నేటి వరుడికి ప్రమాణం కాకపోవడానికి కారణమిదే.

వరుడి హోదాను బట్టి వధువు మార్గం నిర్ణయమవుతుంది. అతడు బ్రిటిష్ పౌరుడో, స్థిర నివాసియో అయితే ఆమెకు భార్యగా వీసా వస్తుంది. దానికి 2024 ఏప్రిల్ నుంచి ఏటా కనీసం 29,000 పౌండ్ల ఆదాయం చూపాలి. అంతకు ముందు ఇది 18,600 పౌండ్లే. మొదట రెండేళ్ళ తొమ్మిది నెలల అనుమతి, తరువాత రెండున్నరేళ్ళ పొడిగింపు లభిస్తాయి. ఐదేళ్ళు పూర్తయ్యాక ఆంగ్ల భాషా పరీక్ష, ‘లైఫ్ ఇన్ ద యూకే’ పరీక్ష నెగ్గితే స్థిర నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అతడు ఉద్యోగ వీసాపై ఉంటే ఆమె ఆధారిత వీసాపై వెళుతుంది. అప్పుడు భర్తకు స్థిర నివాసం వచ్చిన రోజునే ఆమెకూ వస్తుందని అనుకోవడం పొరపాటు. ఆమె ఏళ్ళను ఆమెకే విడిగా లెక్కిస్తారు. ఇక అతడు విద్యార్థి అయితే, పరిశోధన కోర్సుల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, 2024 జనవరి నుంచి మొదలైన కోర్సులకు భార్యను వెంట తీసుకువెళ్ళే వీలే లేదు.

కాపురం సజావుగా సాగుతున్నంత కాలం ఈ తేడాలు ఎవరికీ కనిపించవు. కలతలు వచ్చిన నాడే వాటి బరువు తెలుస్తుంది. పౌరుడి లేదా స్థిర నివాసి భార్య గృహహింస వల్ల కాపురం విచ్ఛిన్నమైతే, ఐదేళ్ళు నిండకపోయినా, స్వయంగా స్థిర నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. గృహహింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. డబ్బు అందకుండా చేయడం, అడుగడుగునా అదుపులో పెట్టడం కూడా హింసేనని బ్రిటన్ 2021 చట్టం చెబుతోంది. అదే ఉద్యోగి లేదా విద్యార్థి భార్యకు ఆ స్థిర నివాస మార్గం లేదు. ఆమెకు దొరికేది మూడు నెలల తాత్కాలిక అనుమతి మాత్రమే. పైగా అది మంజూరైతే అంతకు ముందున్న వీసా రద్దవుతుంది. ఒక స్త్రీని కాపాడే దరఖాస్తే మరొక స్త్రీకి నష్టం తేవచ్చు. ఇద్దరూ మన బిడ్డలే, ఇద్దరి కన్నీళ్ళూ ఒకటే, కానీ చట్టం ముందు ఇద్దరి స్థితి వేరు.

మరో దారుణం కూడా ఉంది. సెలవులకని భార్యను పుట్టింటికి తీసుకువచ్చి, పాస్‌పోర్టు లాక్కుని, ఒంటరిగా తిరిగి వెళ్ళిపోయే భర్తలున్నారు. ‘ఇక చేసేదేముంది, తలరాత’ అని ఊరుకునే కుటుంబాలకు ఒక విషయం తెలియాలి. పౌరుడో, స్థిర నివాసియో ఇలా వదిలేసిన భార్య విదేశం నుంచే స్థిర నివాసానికి దరఖాస్తు చేసుకునే వీలును 2024 జనవరి 31 నుంచి బ్రిటన్ నిబంధనలు కల్పించాయి. తెలియని హక్కు లేని హక్కుతో సమానం.

మరి ఎవరిని అడగాలి? మన వీధిలోని కన్సల్టెన్సీ బోర్డును చూసో, వాట్సాప్‌లో వచ్చిన సలహాను నమ్మో ఇంతటి నిర్ణయం తీసుకోకూడదు. బ్రిటన్‌లో అర్హత లేకుండా వలస సలహా ఇవ్వడం 1999 నాటి చట్టం ప్రకారం నేరం. సలహా ఇచ్చేవారు సొలిసిటరో, బారిస్టరో అయి ఉండాలి. లేదా 2025 జనవరి నుంచి ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీగా పిలుస్తున్న సంస్థ వద్ద నమోదై ఉండాలి. ఆ నమోదు జాబితాను ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. వారు తప్పు చేస్తే ఫిర్యాదు చేయడానికి ఒక చోటుంది. ఇక్కడి ఏజెంటుకు ఆ చట్టం వర్తించదు. ‘గ్యారంటీగా వీసా’ అనే వారిని, రశీదు ఇవ్వని వారిని, నింపిన దరఖాస్తు ప్రతిని చేతికివ్వని వారిని దూరం పెట్టడం మేలు. ఫీజుల భయం సహజమే. 2013 నుంచి అక్కడ వలస కేసుల్లో చాలా వాటికి ప్రభుత్వ న్యాయ సహాయం నిలిచిపోయింది. అయితే గృహహింస బాధితుల స్థిర నివాస దరఖాస్తులకు, ఆదాయ పరిమితికి లోబడి, అది ఇంకా ఉంది. 1979 నుంచి ఆసియా స్త్రీల పక్షాన నిలిచిన సౌథాల్ బ్లాక్ సిస్టర్స్, ముస్లిం విమెన్స్ నెట్‌వర్క్ వంటి సంస్థలు సరైన దారి చూపగలవు.

కాగితాల విషయంలో కూడా మెలకువ అవసరం. 2024 చివరితో అక్కడ ప్లాస్టిక్ నివాస కార్డుల కాలం ముగిసింది. ఇప్పుడు హోదా అంతా ఆన్‌లైన్ ఖాతాలోనే ఉంటోంది. ఆ ఖాతాకు భర్త ఫోన్ నంబరు, భర్త ఈమెయిల్ ఇచ్చి ఉంటే ఆమె హోదా తాళంచెవి అతడి చేతిలో ఉన్నట్టే. నికాహ్‌నామా, వివాహ నమోదు పత్రం, పాస్‌పోర్టు, వీసా లేఖల ప్రతులు పుట్టింట కూడా ఉండాలి. నికాహ్ ఇక్కడ కాక బ్రిటన్‌లో జరిగితే మరింత జాగ్రత్త కావాలి. అక్కడ చట్టబద్ధంగా నమోదు కాని నికాహ్‌ను వివాహంగా పరిగణించలేమని 2020లో అక్కడి అప్పీల్ కోర్టు తేల్చింది.

‘శుభకార్యంలో ఈ అనుమానాలేమిటి? సంబంధం చెడిపోదా?’ అని పెద్దలు అనవచ్చు. నికాహ్ సాక్షుల సమక్షంలో జరిగే ఒప్పందం. మెహర్‌ను ముందే నిర్ణయించడం వరుడిని అవమానించడం కాదు, వధువు హక్కును గౌరవించడం. వీసా హోదాను అడగడమూ అటువంటిదే. దాచడానికేమీ లేని ఇంటివారు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. నొచ్చుకుంటే ఆ సంగతి నికాహ్‌కు ముందే తెలిసిపోవడం మంచిదే కదా!

ఈ భారాన్ని ఒక్కో తండ్రిపై వదిలేయడం న్యాయం కాదు. విదేశీ సంబంధమైతే వరుడి హోదాకు ఆధారం చూపమని ఖాజీ సాహెబులు అడగాలి. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు నమోదైన సలహాదారుల వివరాలను అందుబాటులో ఉంచాలి. స్తోమత లేని ఇంటి ఆడబిడ్డ మొదటి సంప్రదింపు ఖర్చును బైతుల్‌మాల్ భరించాలి. షాదీఖానాలో ఒక్క పూట విందుకు పెట్టే ఖర్చులో చిన్న భాగం చాలు, ఒక బిడ్డ తన హక్కును తానే చదువుకుని తెలుసుకోగలుగుతుంది.